మొహం ఎటు? తోక ఎటు?

మామూలు కుక్కను చూసి మొహం ఎటుందో, తోక ఎటుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ షిట్జూ అని ఒక జాతి కుక్క ఉంది. అది పడుకున్నప్పుడు మాత్రం ఎంత చదువుకున్నవాళ్ళయినా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే. అటూ ఇటూ ఒకే తీరున జుట్టు. బిస్కెట్టు చూపించాలి. ఏ వైపు కదిలితే అది మొహం. రెండు వైపులా కదిలితే ఒకటి మొహం, ఒకటి తోక. అంతకన్నా సులువైన పద్ధతి నాకింతవరకూ దొరకలేదు.

మా అమ్మాయి ఉద్యోగం మీద కెనడా వెళ్తూ, తన సామానంతా మూడు పెట్టెల్లో సర్దుకుని, నాలుగో పెట్టెలో పట్టని ఈ కుక్కగారిని మాకప్పగించి వెళ్ళింది. హైదరాబాదులో ఏడో అంతస్తులో, చల్లటి గదిలో పెరిగిన జీవం. మేముండేదేమో ముడిమ్యాల. చేవెళ్ళ మండలంలో చుట్టూ చేలూ, టమాటా తోటలూ, పూల మళ్ళూ ఉన్న పల్లె. దాని పేరు స్నోయీ అని మా అమ్మాయి పెట్టింది. ఆ పేరు మా ఊరి నోళ్ళలో పడి రెండు రోజుల్లో "సోనీ" అయి కూర్చుంది. మంచు ఎప్పుడూ చూడని ఊళ్ళో స్నోయీ కన్నా సోనీయే నయం లెండి.

దాన్ని మొదటిసారి చూసిన పాలావిడ గిన్నె కింద పెట్టి చాలాసేపు చూసింది. "గిదేందమ్మా, మేకపిల్లనా, కుక్కపిల్లనా?" అంది. కుక్కే అన్నాను. "మరి దీని మొకం యాడున్నది?" అంది. చూపించాను. "అయ్యో, దీనికి కండ్లు గూడ ఉన్నయి!" అని ఆశ్చర్యపోయింది.

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఇది కాపలా కాస్తదా?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. నాకు నిజం చెప్పక తప్పలేదు. షిట్జూ కాపలా కుక్క కాదు. దొంగ వచ్చినా తోక ఊపి, వెల్లకిలా పడుకుని, పొట్ట నిమరమని అడిగే రకం. "మరెందుకు?" అన్నారు అత్తమ్మ.

ఆ "మరెందుకు"కు జవాబు కావాలంటే దీని పుట్టుపూర్వోత్తరాల్లోకి కాస్త వెళ్ళాలి.

షిట్జూ అంటే చైనా భాషలో సింహం కుక్క అని అర్థం. మూలాలు టిబెట్‌లోవి, ముస్తాబు చైనా రాజభవనంలోది. సింహాలు తిరిగే దేశం కాదు చైనా. బౌద్ధంతో పాటే సింహం మీద గౌరవం కూడా అక్కడికి పాకింది. అసలు సింహాన్ని చూడనివాళ్ళు సింహాన్ని ఊహించుకుంటే ఎలా ఉంటుంది? గుండ్రటి మొహం, చట్టి ముక్కు, మెడ చుట్టూ జూలు. ఆ ఊహకు సరిపడేలా తరతరాలుగా కుక్కల్ని ఏరి ఏరి జతకట్టించారు. చైనాను ఏలిన రాజమాత సిక్సీకి ఇలాంటి చిన్న కుక్కలంటే మహా ముచ్చట. 1908లో ఆవిడ పోయాక రాజభవనపు కుక్కల వైభవం చెదిరిపోయింది. 1930లో బ్రౌన్‌రిగ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, ఆయన భార్య చైనా నుంచి తిరిగి వెళ్తూ కొన్నింటిని ఇంగ్లండుకు తీసుకుపోయారు. అలా బయటపడ్డ కొద్దిపాటి కుక్కల సంతానమే ఇవాళ లోకమంతటా ఉన్న షిట్జూలు. అమెరికాలో కుక్క జాతుల పద్దులు రాసే కెన్నెల్ క్లబ్బు దీన్ని 1969లో గానీ తన జాబితాలో చేర్చుకోలేదు.

దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, ల్హాసా ఆప్సో. పైకి చూస్తే అక్కాచెల్లెళ్ళలాగే ఉంటాయి. గుణంలో మాత్రం తేడా. టిబెట్ మఠాల్లో గుమ్మం బయట పెద్ద కుక్కలు కాపలా కాస్తే, గుమ్మం లోపల చెవులు రిక్కించి పడుకుని కొత్తవాళ్ళ అలికిడికి మొరిగేది ల్హాసా ఆప్సో. అందుకే అది కొత్తవాళ్ళను తొందరగా దగ్గరికి రానివ్వదు. షిట్జూకు అలాంటి ఉద్యోగమేమీ లేదు. ఒడిలో కూర్చోవడమే దాని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అది శ్రద్ధగా చేస్తుంది.

ఇదంతా అత్తమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, "అంటే రాజమాత ఒళ్ళె కూసోవాల్సింది, నీ ఒళ్ళె కూసున్నది" అన్నారు. వారం తిరక్కుండా అది ఆవిడ ఒళ్ళోకే మారింది. ఆవిడ పిలవలేదు. అది అడగనూలేదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అక్కడుంది, అంతే.

గుణం మాట చెప్పాలంటే షిట్జూ మహా నెమ్మది. నాలుగు నుంచి ఏడు కిలోల బరువు, జానెడు పైచిలుకు ఎత్తు. అంత చిన్న ఒంట్లో ఎంత పంతముందో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. కేకలేస్తే వినదు. "రా" అంటే ఒకసారి చూస్తుంది. రావడం వల్ల లాభమేమిటో ఆలోచిస్తుంది. లాభం కనబడితే వస్తుంది. అచ్చం మా వారే. బతిమాలి, చేతిలో ఒక ముక్క పెడితే మాత్రం ఎంత పనైనా నేర్చుకుంటుంది. మా పెరట్లోకి నెమళ్ళు వస్తాయి. ఊరి కుక్కలైతే వాటి వెంట పడతాయి. సోనీ మాత్రం గడప మీద కూర్చుని, ఇంకో రాజవంశాన్ని చూస్తున్నట్టు మర్యాదగా చూస్తుంది. ఒంటరిగా వదిలేస్తే మాత్రం దిగులు పెట్టుకుంటుంది. పొద్దున తాళం వేసి రాత్రికి ఇంటికి చేరేవాళ్ళు పెంచదగ్గ జాతి కాదిది.

ఇక అసలు సంగతి, జుట్టు.

మామూలు కుక్కల బొచ్చు ఒక మేరకు పెరిగి ఆగి, రాలిపోతుంది. షిట్జూ జుట్టు మన జుట్టులాగే పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో బొచ్చు రాలదని సంబరపడి కొంటారు చాలామంది. నిజమే, నేల మీద అంతగా రాలదు. ఊడిన వెంట్రుక పై జుట్టులోనే ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కున్నవన్నీ కలిసి చిక్కు పడతాయి. ఊడ్చే పని తప్పింది గదా అనుకుంటే దువ్వే పని వచ్చి పడుతుందన్నమాట.

ఆ దువ్వడం కూడా మన పై పై దువ్వుడు కాదు. పైన పట్టులా మెరుస్తూ ఉంటుంది, కింద చర్మం దగ్గర ఉండలు కట్టి ఉంటుంది. పాయలు పాయలుగా విడదీసి, మొదలు దాకా దువ్వెన దిగేలా దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, మెడపట్టీ కింద ముందు చిక్కులు పడతాయి. స్నానానికి ముందే చిక్కు తీయాలి. చిక్కు మీద నీళ్ళు పడితే అది ముడి బిగిసి రాయి అవుతుంది. స్నానం రెండు మూడు వారాలకోసారి చాలు. "కుంకుడుకాయ రసం పోస్తే పోలా?" అన్నారు అత్తమ్మ. మన కళ్ళలో ఒక్క చుక్క పడితేనే ఉప్పు కోసం వంటింట్లోకి పరుగెత్తుతాం. బయటికి పొడుచుకొచ్చినట్టుండే దాని కళ్ళ సంగతి చెప్పాలా? మన సబ్బులు కూడా దాని చర్మానికి పడవు. కుక్కల షాంపూ ఉంటుంది, అదే వాడాలి. ఆ తర్వాత మొదళ్ళ దాకా ఆరబెట్టాలి. వానాకాలంలో తడి నిలిస్తే దురదలు మొదలవుతాయి.

పల్లెటూళ్ళో ఇంకో పరీక్ష ఉంది. చేని గట్టు మీద నాలుగడుగులు నడిస్తే చాలు, ఉత్తరేణి గింజలన్నీ దాని పొట్ట కిందికి చేరతాయి. పల్లేరుకాయలు కాలి వేళ్ళ మధ్య దాక్కుంటాయి. అది కుంటితే గానీ మనకు తెలియదు. గోమార్లు సరేసరి. పొట్టి బొచ్చు కుక్క మీద గోమారు కంటికి కనిపిస్తుంది, దీని మీదైతే వేళ్ళతో తడిమి వెతకాలి. గోమార్ల వల్ల కుక్కలకు వచ్చే జ్వరం చిన్నది కాదు. తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, నెత్తురు తగ్గుతుంది. రోజూ ఒకసారి తడిమి చూడటం, డాక్టరు చెప్పిన మందు వేళకు వేయడం, ఇవే ఉపాయాలు. కిరసనాయిలు పూయమని సలహా చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకో నమస్కారం పెట్టి పంపేయండి. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది.

ఇదంతా పడలేక మేము రెండో నెలలోనే జుట్టు పొట్టిగా కత్తిరించేశాం. దానికి పప్పీ కట్ అని ముద్దు పేరుంది. రాజమాత చూస్తే కంటతడి పెట్టేది గానీ, సోనీ మాత్రం ఆరోజు పెరట్లో మూడు చుట్లు పరుగెత్తింది. ఈ కుక్క ఇంత ఉరుకుతుందని అప్పటిదాకా మాకు తెలియదు.

మా చేను పక్కన గొర్రెలు మేపే కురుమ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కత్తిరింపు అయ్యాక ఆయన సోనీని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే జేసిన్రు" అని మెచ్చుకున్నాడు. తర్వాత ఆయనే అడిగాడు. "గొర్రెకు బొచ్చు మన కోసం పెంచుతం అమ్మా. ఏడాదికి రెండు మాట్ల తీస్తం, గొంగడి నేస్తం. మరి దీనికి బొచ్చు ఎవ్వరి కోసం పెంచిన్రు?"

"చూసేవాళ్ళ కోసం" అన్నాను.

ఆయన కాసేపు గొర్రెల కేసి చూశాడు. "ఊరకుక్కకు దేవుడు సరిపడ ఇచ్చిండు. దీనికి మనిషి ఇచ్చిండు. గందుకే మనిషే దువ్వాలె" అన్నాడు.

చూసేవాళ్ళ కోసం పెంచిన ముచ్చట జుట్టుతో ఆగలేదు, మొహం దాకా వెళ్ళింది. ముక్కు చట్టిగా ఉంటే చంటిపిల్ల మొహంలా ముద్దొస్తుందని ఏరి ఏరి పెంచారు. ముక్కు పొట్టిదైనా లోపలి కండలు అంతగా తగ్గలేదు, ఇరుకు సందులో కుక్కినట్టయింది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కాస్త, అంతే. ఒంటి వేడి తగ్గాలంటే నాలుక బయట పెట్టి రొప్పడమే దారి. ఆ దారిలోనే ఇరుకు. పైగా ఒంటి నిండా కంబళి. మన మే నెల ఎండ నలభై రెండు డిగ్రీలు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మా ఇంట్లో ఆలోచించుకునే వ్యవధి కూడా లేకపోయింది. మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి కరెంటు తీగలు తెగాయి. వాన నాలుగు చినుకులతో ఆగిపోయింది, ఉక్క మాత్రం మిగిలింది. ఇన్వర్టరు రెండు గంటలకు చేతులెత్తేసింది. సోనీ రొప్పడం మొదలుపెట్టింది. మామూలు రొప్పు కాదు, గొంతులో గరగరమని చప్పుడు. నోటి వెంట చిక్కటి చొంగ. చిగుళ్ళు ఎర్రబడ్డాయి. లేచి నిలబడబోయి తూలింది. కుక్క ఒంటి వేడి మామూలుగానే మనకన్నా ఎక్కువ, నూట ఒకటి నుంచి నూట రెండున్నర దాకా ఉంటుంది. మా వారు థర్మామీటరు పెట్టి చూస్తే నూట నాలుగు దాటింది. డాక్టరుగారికి ఫోను చేశాం. కుండనీళ్ళు పొట్ట మీద, తొడల లోపల, పాదాల మీద పోస్తూ ఉండమన్నారు. ఐసు నీళ్ళలో ముంచవద్దన్నారు. తడిగుడ్డ కప్పి అలా వదిలేస్తే అదే వేడెక్కుతుంది కాబట్టి నీళ్ళు పోస్తూ విసరాలన్నారు. అత్తమ్మ తాటాకు విసనకర్ర తీశారు. ఎనభై ఏళ్ళ ఆవిడ ముప్పావుగంట చెయ్యి ఆపలేదు. కారులో చల్లగాలి పెట్టుకుని చేవెళ్ళ చేరేసరికి దాని చూపు నిలబడింది. సాయంత్రం డాక్టరుగారు, "ఇంకో అరగంట అలాగే ఉండి ఉంటే చెప్పలేం" అన్నారు. ఆ రాత్రి అత్తమ్మ అన్నం తింటూ, "మరెందుకు అని ఇంక అడగను" అన్నారు. అంతకు మించి ఆవిడ ఏమీ అనలేదు.

ఎండాకాలంలో మా ఇంటి పద్ధతి ఇప్పుడిది. నడక పొద్దున ఆరు లోపల, మళ్ళీ చీకటి పడ్డాక. సిమెంటు మీద, తారు మీద మన అరచెయ్యి ఆనించి చూసి, మనం ఓర్చుకోగలిగితేనే దాన్ని దింపడం. మెడపట్టీకి బదులు ఛాతీకి వేసే పట్టీ, ఎందుకంటే మెడ లాగితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ఇంట్లో నాలుగు చోట్ల నీళ్ళు. తడిపిన గోనెపట్టా ఒకటి. ఒళ్ళు పెరగకుండా తిండి కొలత. లావెక్కితే ఆ ఊపిరి మరీ కష్టం.

తిండి అన్నాను గాబట్టి ఒక మాట. "మేం తినేదే దానికీ పెడతాం" అని గర్వంగా చెప్పే ఇళ్ళున్నాయి. మన వంటలో ఉల్లిపాయ లేనిదేమిటి చెప్పండి? పప్పులో ఉల్లి, పచ్చిపులుసులో ఉల్లి, కూరలో ఉల్లీ వెల్లుల్లీ. ఈ రెండూ కుక్క నెత్తురులోని ఎర్రకణాలను చంపుతాయి. పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్టు దానికి విషం. ఉడికించిన కోడి ఎముక పెళుసై విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. పెరుగన్నం ముచ్చటగా తింటుంది నిజమే, కానీ దాంతోనే బతకదు. గుడ్డు, చప్పిడి మాంసం లాంటివి ఉండాలి, లేదా కుక్కల కోసం చేసిన తిండి. చిన్న దవడలో పళ్ళు ఒత్తుగా వస్తాయి కాబట్టి వాటికి పాచి త్వరగా పడుతుంది. అందుకని పళ్ళు కూడా తోమాలి. తోమేది మాత్రం మన పేస్టుతో కాదు.

ఇక కళ్ళు. చట్టి మొహం మీద కళ్ళు ముందుకు తోసుకొచ్చి ఉంటాయి. చేతికర్రలా ముందుండే మూతి ఇతర కుక్కలకు కళ్ళను కాపాడుతుంది. దీనికా రక్షణ లేదు. గడ్డిపరక గుచ్చుకున్నా, తన వెంట్రుకే రాసుకున్నా కంటి మీద పుండు పడుతుంది. నడినెత్తి మీద పిలక వేసేది అందం కోసమని అందరూ అనుకుంటారు. అది కంటి కోసం. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి రోజూ పొద్దున కళ్ళు తుడవాలి. కన్ను చికిలించినా, నీరు కారినా, నల్లగుడ్డు మీద నీలిపొర కనబడినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో మిగిలిపోయిన కంటిచుక్కలు వేయరాదు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు పుండున్న కంట్లో పడితే కన్నే పోవచ్చు. సోనీకి ఒకసారి గడ్డిపరక గీరుకుంది. పొద్దున తుడిచేటప్పుడు చూశాం గనక మందులతో, మెడ చుట్టూ ఒక ప్లాస్టిక్ గొట్టంతో పది రోజుల్లో తగ్గిపోయింది. ఆ పది రోజులూ అది ఊళ్ళో గ్రామఫోను పెట్టెలా తిరిగింది. "పంచాయతీ మైకు మెడకు గట్టిన్రా?" అని పిల్లలు ఒకటే నవ్వు.

ఇంకో కుక్కకు ఆ అదృష్టం లేకపోయింది. దాని సంగతి చెప్పడానికే నిజానికి కలం పట్టాను.

మొయినాబాదు నుంచి చేవెళ్ళ వచ్చే రోడ్డు మీద రెండు వైపులా పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పులో అవి పోకూడదని జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు, మీరు పేపర్లో చదివే ఉంటారు. ఒక మర్రిచెట్టు మొదట్లో ఎవరో పాత గొంగడి ముక్క పారేశారనుకున్నాం. కారు ఆపి నీళ్ళు తాగుతుంటే ఆ గొంగడి కదిలింది. షిట్జూ. మెడకు మంచి తోలుపట్టీ ఉంది, పేరు లేదు. ఎవరు వదిలారో, ఏ ఇల్లు ఖాళీ చేస్తూ వదిలారో మర్రిచెట్టుకే తెలియాలి.

డాక్టరుగారు కత్తెర ముట్టుకోలేదు. చిక్కు బిగిస్తే చర్మం కూడా పైకి లేచి అందులో కలిసిపోతుంది, కత్తెర పెడితే తెగుతుందట. మిషనుతో మెల్లిమెల్లిగా రెండు గంటలు తీశారు. జుట్టు పాయలుగా రాలేదు, ఒక్క పట్టాగా ఊడి వచ్చింది. తూచితే అర కిలో పైన ఉంది. కింద చర్మం పుండ్లు పడి ఉంది. కాళ్ళకున్న చిక్కులు ఒకదానికొకటి ముడిపడటం వల్ల అది అడుగు సాచలేకపోయేదని అప్పుడర్థమైంది. పట్టా తీశాక మిగిలిన కుక్క మూడున్నర కిలోలు. ఒక కన్ను ఎండిపోయింది. దాన్ని తీసేయాల్సి వచ్చింది. మూడు వారాలు మా వరండాలో ఉంది. సోనీ తన గిన్నె దాని ముందుకు తోసిందని చెబితే కథ బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. కాస్త గుర్రుమంది కూడా. ఇప్పుడది ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో ఒంటికన్నుతో, పొట్టి జుట్టుతో హాయిగా ఉంది.

ఆ గొంగడి పట్టా చాలా రోజులు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. మన చిన్నప్పుడూ, పెళ్ళయిన కొత్తల్లోనూ ఎవరింట చూసినా తెల్లటి పొమేరియన్ ఉండేది. నిజానికి వాటిలో చాలామటుకు ఇండియన్ స్పిట్జ్ అనే రకం, మన ఎండలకు కాస్త అలవాటు పడినవి. 1994లో వచ్చిన "హమ్ ఆప్కే హై కౌన్" సినిమాలో పెళ్ళి చేసి పెట్టిన టఫ్ఫీ కూడా ఆ రకమే. ఆ తర్వాత పగ్గులు వచ్చాయి. ఇప్పుడు షిట్జూలు. చీర ఫాషను మారితే మడతపెట్టి బీరువాలో పెడతాం. కుక్క ఫాషను మారితే ఎక్కడ పెడతాం? ఫాషను ఆయుష్షు అయిదేళ్ళు. షిట్జూ ఆయుష్షు పది నుంచి పదహారేళ్ళు. ఆ మిగిలిన ఏళ్ళు ఎక్కడికి పోవాలి?

అమ్మేవాళ్ళ సంగతీ చూడాలి. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అరచేతిలో పట్టే పిల్లను చూసి మురిసిపోయి, "ఇంత బుల్లిదే కావాలి" అని మనం అడుగుతాం గనకే తల్లి పాలు మాన్పించి తెచ్చిస్తారు. తల్లిని చూపించమని అడగండి. ఆ తల్లి జుట్టు ఎలా ఉందో, ఊపిరి ఎలా తీస్తోందో చూడండి. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా. ఒళ్ళో కూర్చునే కుక్కే గదా అని టీకా మానకూడదు. 1885లో పాశ్చర్ మొదటి టీకా వేసి నూట నలభై ఏళ్ళు దాటినా, లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. ఏ కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ ఒకరోజు, నేను సోనీని దువ్వుతుంటే, "అక్కా, దీనికి నెలకెంతైతది?" అని అడిగింది. దాపరికం లేకుండా చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "మా మనుమరాలి హాస్టలు ఖర్సు" అంది. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. నాకు మటుకు దువ్వెన ఒక్క క్షణం ఆగింది. కాదని దబాయించడానికీ లేదు, అవునని కుక్కను మర్రిచెట్టు కింద దింపి రావడానికీ లేదు. తెచ్చి ఇంట పెట్టుకున్న ప్రాణానికి లెక్క కట్టడం కుదరదు. లెక్కలన్నీ తెచ్చుకోక ముందే కట్టాలి. ఇంట్లో ఎవరు దువ్వుతారు? మేలో ఎవరుంటారు? బదిలీ అయితే, పెళ్ళయితే, విదేశం వెళ్తే ఎవరు చూస్తారు? ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడు సోనీ పిలక వేసే పని తనే తీసుకుంటుంది. నాకన్నా బాగా వేస్తుంది. పశువుల డాక్టరు చదువుతానంటోంది. చదివిస్తే బాగుండునని మా వారూ నేనూ అనుకుంటున్నాం. అనుకోవడంతో ఆగకూడదనీ అనుకుంటున్నాం.

మీలో ఎవరికైనా షిట్జూ మీద మనసు పడిందనుకోండి, తప్పేమీ లేదు. ప్రేమలో దానికి సాటి వచ్చేవి తక్కువ. కాకపోతే నాదొక చిన్న సలహా. కుక్కను కొనేముందు దువ్వెన కొనండి. ఇంట్లో ఉన్న గొంగడి గానీ, బొచ్చు దుప్పటి గానీ తీసి, రోజూ అరగంట చొప్పున నెల రోజులు దువ్వండి. పండగనాడూ, పెళ్ళినాడూ, ఒంట్లో బాగోలేనినాడూ మానకుండా దువ్వండి. ముప్పయ్యో రోజుకు కూడా విసుగు రాలేదనుకోండి, వెళ్ళి తెచ్చుకోండి. పదోరోజుకే దుప్పటి అటక ఎక్కితే మాత్రం సంతోషించండి. అటక ఎక్కింది దుప్పటే గదా!